కావాలనే బావగారి పడవ షికారు

మా బావగారు బుద్ధెరిగినప్పటి నుంచి ఒక్క పొరపాటు కూడా చెయ్యలేదు. చేసినవన్నీ కావాలనే చేశారు. ఈ మాట నేనంటున్నది కాదు, ఆయనే అంటారు. కాలు జారి మెట్ల మీంచి దొర్లుకుంటూ కిందపడినా సరే, లేచి ప్యాంటు దులుపుకుని, "కావాలనే. నడిచి దిగితే ఆలస్యమవుతుందని," అంటారు. అందుకే మా వీధిలో ఆయన్ని కళ్ళజోళ్ళ దుకాణం ఆయన అనేవాళ్ళకన్నా 'కావాలనే బావ' అనేవాళ్ళే ఎక్కువ. బావ వరస నా ఒక్కడిదే అయినా వీధంతా వాడేసుకుంది.

ఆయన మొట్టమొదట మా అక్కను చూడ్డానికి వచ్చిన రోజున మా ఇంటికి రాకుండా నేరుగా పక్కింట్లోకి వెళ్ళి కూర్చున్నారు. వాళ్ళు మొహమాటస్తులు. ఎవరో దూరపు చుట్టమనుకుని టీ ఇచ్చారు, బిస్కెట్లు పెట్టారు. మేమిక్కడ వీధి వైపు చూసి చూసి మెడలు పట్టేశాక మా నాన్న వెతుక్కుంటూ బయల్దేరి ఆయన్ని పక్కింటి వరండాలో పట్టుకున్నారు.

"ఏం బాబూ, ఇల్లు తప్పారా?"

"లేదండీ, కావాలనే. అమ్మాయి గురించి పక్కింటివాళ్ళయితేనే ఉన్నమాట చెప్తారు."

నాన్న మొహం వాడిపోయింది. "ఏం చెప్పారేం?"

"మంచి పిల్లేనట. కోపం మాత్రం కాస్త ఎక్కువట."

గోడ ఇవతల నుంచి వింటున్న అక్క ఒక్కసారిగా తల పైకెత్తి, "ఎవరన్నారు ఆ మాట?" అని గద్దించింది. ఆ గద్దింపుతో పక్కింటివాళ్ళ మాట అక్కడికక్కడే రుజువైపోయింది. బావగారికి నవ్వొచ్చింది. ఆయన నవ్వు చూసి అక్కకీ నవ్వొచ్చింది. ఆ తర్వాత పెద్దవాళ్ళు మాట్లాడుకోవడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు.

దుకాణం తెరిచిన కొత్తలో ఆయన బోర్డు తలకిందులుగా బిగించారు. నిచ్చెన తీసేశాక గానీ ఎవరూ చూడలేదు. "ఇదేంటి బావా?" అన్నాను.

"కావాలనే. చూస్తూ ఉండు."

చూస్తూ ఉన్నాను. దారినపోయేవాళ్ళు ఆగి, బోర్డు చదవబోయి, చదవలేక, తమ కళ్ళకే ఏదో అయిందని కంగారుపడి లోపలికొచ్చారు. ఆ వారం అమ్ముడైనన్ని కళ్ళజోళ్ళు ఆ తర్వాత ఏడాదిలో కూడా అమ్ముడవలేదని ఆయన ఇప్పటికీ చెప్పుకుంటారు.

పోనీ, తన పొరపాట్లతో ఆగితే బాగుండేది. ఇతరుల పొరపాట్లు కూడా ఆయన కావాలనే చేయించినవే. అక్క పాలు మాడబెడితే, "నేనే మాడ్చమన్నాను, ఆ వాసనకి చీమలు రావు," అనేవారు. దుకాణంలో అద్దాలు అరగదీసే ముసలాయన ఒకసారి ఇద్దరి కళ్ళజోళ్ళు తారుమారు చేసి ఇచ్చేశాడు. ఆ ఇద్దరూ గోడలు తడుముకుంటూ దెబ్బలాటకొచ్చారు. బావగారు వాళ్ళని ఎదురెదురుగా కూర్చోబెట్టి, "కావాలనే ఇప్పించానండీ. ఒకరి చూపు ఎలా ఉంటుందో ఇంకొకరికి తెలిస్తే లోకంలో తగాదాలుండవు," అన్నారు. వాళ్ళు కొంతసేపు ఆలోచించి, నవ్వేసి, ఎవరివి వాళ్ళు పెట్టుకుని వెళ్ళిపోయారు. ముసలాయన నుదుటి చెమట తుడుచుకున్నాడు.

ఇలాంటి మనిషి నోట ఆ మాట ఒకే ఒక్కసారి ఆగిపోయింది. ఆగింది మా అక్క దగ్గర.

మా అక్క సిటీ బస్సు డ్రైవరు. ఇరుకు సందులో ఎదురుగా లారీ వస్తే, లారీ డ్రైవరు చెమటలు కక్కుతాడు గానీ అక్క ఆవులిస్తుంది. అంత చెయ్యి తిరిగిన మనిషి, వేసవిలో ఒకరోజు పొద్దున్నే డిపోలో బస్సు వెనక్కి తీస్తూ పంపు గది గోడని గుద్దేసింది. గోడ కూలింది. గొట్టం పగిలి డిపో అంతా నీళ్ళు. ఎవరికీ గోరంత దెబ్బ తగల్లేదు. పైఅధికారి కూడా, "పాత గోడమ్మా, రేపో మాపో పడేదే," అన్నాడు. కానీ ఆ గోడ వెనక, ఆమె గుద్దడానికి క్షణం ముందు వరకూ, డిపో ఊడ్చే ఆవిడ కూర్చుని చెప్పులు తొడుక్కుంటూ ఉందట. అక్క బస్సు దిగి, తాళాలు అప్పజెప్పి, సెలవు పెట్టి ఇంటికొచ్చేసింది.

బావగారు అలవాటు ప్రకారం, "కావాలనే గుద్ది ఉంటావులే, ఆ గోడ అక్కడ ఉండకూడ..." అని మొదలుపెట్టారు.

అక్క గిన్నె కింద పెట్టింది. "ఇంకొక్కసారి ఆ మాట అన్నారంటే ఊరుకోను. అన్నిటికీ ఒకటే మాటా? అక్కడ మనిషుందండీ!"

బావగారు నోరు మూసుకున్నారు. అంతకుముందు ఆయన నోరు మూసుకోగా మేమెవరం చూడలేదు.

తర్వాత అక్క ఇంట్లో స్కూటరు కూడా ముట్టుకోలేదు. కూరగాయల బజారుకి నడిచే వెళ్ళేది. "నా చేతుల మీద నాకే నమ్మకం పోయిందిరా," అంది ఒకసారి నాతో, అరచేతులు చూసుకుంటూ. వానలు వచ్చాయి, వెళ్ళాయి. ఉద్యోగం మానేస్తానని రాసిచ్చేయడానికి కూడా సిద్ధపడింది. బావగారు సెలవు రోజుల్లో ఇంట్లో ఉండడమే మానేశారు. ఎక్కడికంటే, "అద్దాల కంపెనీ వాళ్ళతో పని," అనేవారు. పెళ్ళాం బాధపడుతుంటే ఈయన ఊరి మీద తిరుగుతాడా అని నాక్కూడా ఒళ్ళు మండింది.

శరత్కాలం వచ్చింది. ఒకరోజు పొద్దున్నే బావగారు నెత్తిన గుడ్డ టోపీ, చేతిలో తినుబండారాల బుట్టతో ప్రత్యక్షమయ్యారు.

"ఏమోయ్ బావమరిదీ, లే. సరస్సు మీద తెరచాప పడవలో షికారు. మీ అక్కా నేనూ విశ్రాంతిగా గడపబోతున్నాం."

"మీరిద్దరూ విశ్రాంతిగా గడుపుతుంటే మధ్యలో నేనెందుకు బావా?"

"బరువుకి. పడవలో బరువు సరిగ్గా ఉండాలిట. నీకన్నా నమ్మకమైన బరువు నాకెవరున్నారు?"

నేను తూనికలు కొలతల ఆఫీసులో గుమాస్తాని. నన్నే తూకపు రాయిగా వాడడం నా ఉద్యోగ జీవితంలో అదే మొదటిసారి.

"మీకు పడవ నడపడం వచ్చా?" అని దారి పొడుగునా అక్క అడుగుతూనే ఉంది.

"దాన్లో ఏముందీ? నడిపేది గాలి. మనం కూర్చుంటే చాలు."

మా సరస్సు చిన్నది కాదు. అవతలి ఒడ్డు, ఎవరో పెన్సిలుతో గీత గీసి సగం చెరిపేసినట్టుంటుంది. ఆ రోజు ఒడ్డున చెట్లన్నీ ఎరుపూ పసుపూ తిరిగి, గాలి కదిలినప్పుడల్లా గుప్పెడు ఆకులు నీళ్ళలోకి వదులుతున్నాయి. ఎండ ఉంది గానీ దానికి వేడి లేదు, ఉతికి ఆరేసినట్టుంది. పక్కనే పడవల క్లబ్బువాళ్ళు తెల్ల బట్టలు వేసుకుని, తెల్ల టోపీలు పెట్టుకుని ఏదో పోటీకి సిద్ధమవుతున్నారు.

పడవలు అద్దెకిచ్చేది ఒక పెద్దావిడ. మెడలో బైనాక్యులర్సు, చేతిలో పొగలు కక్కే టీ గ్లాసు. మాకు తేలే కోట్లు తొడిగించి, బావగారి వైపు చూసి, "ఇంతకుముందెప్పుడైనా తెరచాప పట్టారా?" అంది.

"లేదండీ!" అన్నారు బావగారు, అవసరానికి మించి గట్టిగా.

పడవ కదిలింది. కదిలి, గిర్రున తిరిగి, మళ్ళీ రేవుకే వచ్చి ఢీకొంది. కట్టిన తాడు విప్పలేదు.

"కావాలనే. తాడు గట్టిదో కాదో చూశాను," అన్నారు బావగారు.

తాడు విప్పాక తెరచాప ఎత్తారు. అది అడ్డం తిరిగి ఆయన్నే చుట్టేసింది. లోపల్నుంచి, "కావాలనే! నీడ కోసం!" అని వినిపించింది. అక్క ఎన్నాళ్ళకో పళ్ళు బయటపడేలా నవ్వింది. తాడు విప్పి ఆయన్ని బయటకి తీసింది తనే.

ఎలాగైతేనేం, నీళ్ళ మధ్యకి చేరాం. అక్కడ చప్పుడు లేదు. పడవ అంచుకి నీళ్ళు తగిలి చప్పరిస్తున్నట్టు మాత్రం వినిపిస్తోంది. అక్క చెప్పులు విప్పేసి, ఒక చెయ్యి నీళ్ళలో వేలాడేసింది. బావగారు రొట్టె ముక్కలకి వెన్న రాసి అందించారు. ఉప్పు తేవడం మర్చిపోయారు. కావాలనే. గాలికెగిరొచ్చిన ఎర్రటి ఆకొకటి అక్క జుట్టులో చిక్కుకుంటే ఆయన తీయబోయి, తీయకుండా వదిలేసి, "బాగుంది, ఉండనీ," అన్నారు. "ఈ వయసులో ఏంటండీ," అంది అక్క, కానీ తీసెయ్యలేదు. నేను బరువుని కాబట్టి కళ్ళు మూసుకుని బరువుగానే పడుకున్నాను.

కాసేపటికి అక్క గొంతు మారింది. "ఏమండీ, చాప అలా వదులుగా కొట్టుకుంటోందేంటి? కాస్త లాగితే?"

బావగారు లాగవలసింది వదిలారు, వదలవలసింది లాగారు.

"అది కాదండీ! నా కుడివైపుకి పోనివ్వండి."

ఆయన చుక్కాని కర్రని కుడికి తోశారు. పడవ ఎడమకి పోయింది.

"కావాలనే," అన్నారు.

"కావాలనే ఏంటి, మీ మొహం! తోక అటు తోస్తే ముక్కు ఇటు వస్తుంది. బస్సు మలుపు తిరిగేటప్పుడు వెనక భాగం ఎటు ఊగుతుందో చూడలేదా? అంతే ఇదీనూ..." అని అక్క ఠక్కున ఆగిపోయింది. చేతులు ఒళ్ళోకి లాక్కుంది. బావగారు ఏమీ వినపడనట్టు ఆకాశంలోకి చూశారు.

అప్పుడు లేచింది గాలి.

దూరాన నీళ్ళు ఒక్కసారిగా నల్లబడ్డాయి. ఆ నలుపు మా వైపు పరిగెత్తుకొచ్చింది. ఎండ ఎవరో ఆర్పేసినట్టు పోయింది. పడవ ఒక పక్కకి ఒరిగి, బుట్టా నేనూ కలిసి దొర్లాం. అలలు అంచు దాటి మొహాన కొట్టాయి. క్లబ్బు పడవలు పోటీ పడుతూనే ఒడ్డుకి తిరుగుముఖం పట్టాయి. చాప ఫటఫటా కొట్టుకుంటోంది. బావగారు చుక్కాని కర్ర పట్టుకుని ఒక్క క్షణం ఆ నల్లటి నీళ్ళ వైపు చూశారు. తర్వాత అక్క వైపు చూశారు.

"పొరపాటైపోయింది," అన్నారు.

నేను గాలికి భయపడలేదు, అలలకి భయపడలేదు. ఆ మాటకి నా గుండె జారిపోయింది. మా బావగారు పొరపాటు ఒప్పుకున్నారంటే మేం మునిగిపోవడం ఖాయం!

"నావల్ల కావట్లేదు. తప్పు చేశాను. నువ్వు పట్టుకో."

"నేనా?" అక్క వెనక్కి జరిగింది. "నావల్ల కాదండీ. మీకు తెలుసు కదా."

"మీ తమ్ముడు బరువుకి తప్ప ఎందుకూ పనికిరాడు. నేను ఇప్పుడే చూపించాను కదా నా పనితనం. ఇంకెవరున్నారు చెప్పు?"

అక్క ఆ కర్ర వైపు చూసింది. పడవ మరీ ఒరిగింది. నేను కేకేశాను. అంతే, అక్క ఒక్క ఊపున వచ్చి ఆయన్ని భుజంతో పక్కకి నెట్టి కూర్చుంది. కర్ర పట్టుకుంది. పట్టుకోగానే ఆమె నడుము నిటారుగా అయింది. ఇన్ని నెలలుగా వంగిపోయి తిరుగుతున్న మనిషి, తన సీటులో తాను కూర్చున్నట్టు కూర్చుంది.

"ఒరేయ్, అటు అంచుకి జరుగు! ఇంకా! పూర్తిగా! ఏమండీ, ఆ తాడు కాస్త వదలండి... చాలు! ఇప్పుడు లాగండి! అందరూ లోపలికి చూసి కూర్చోండి, ఎవరూ లేవకూడదు!"

అచ్చం బస్సులో గొంతే. ఇంకొంచెం ఉంటే టిక్కెట్లు అడిగేది. నేను అంచు మీద వెనక్కి వాలి వేలాడాను. పడవ నిలబడింది. నా బరువు ఒక గొప్ప పనికి వచ్చిందని నాకప్పుడు తెలిసింది. గాలిని ముక్కుతో వాసన చూసినట్టు అక్క మొహం అటూ ఇటూ తిప్పుతూ, నల్లటి గాలిపొర దగ్గరకొచ్చే ముందే తాడు వదిలించి, దాటగానే లాగిస్తోంది. బావగారు చెప్పింది చెప్పినట్టు చేస్తున్నారు. పడవ అలల మీద దూకుతూ పరిగెత్తింది.

క్లబ్బు పడవలు ముందున్నాయి. తెల్ల టోపీ ఒకాయన వెనక్కి తిరిగి, "తప్పుకోండి! పోటీ జరుగుతోంది!" అని అరిచాడు.

"నువ్వే తప్పుకోవయ్యా! దారి నాది! అద్దం చూసుకోవా?" అని అరిచింది అక్క. పడవకి అద్దం ఉండదు. అయినా ఆయన పక్కకి చూసుకుని మరీ తప్పుకున్నాడు.

ఒక తెల్లచాపని దాటాం, ఇంకోదాన్ని దాటాం. నీటి మీద రెండు ఎర్రటి డ్రమ్ములు తేలుతుంటే వాటి మధ్యలోంచి దూసుకుపోయాం. ఎక్కడో "పాఁ..." అని హారన్ మోగింది. ఒడ్డు మీద జనం చప్పట్లు. అది పోటీ ముగింపు గీత అనీ, మొట్టమొదట దాటిన పడవకి ఆ హారన్ మోగిస్తారనీ తర్వాత తెలిసింది. మేం పోటీలో లేమని క్లబ్బువాళ్ళు వాదించారు. ముందు వచ్చినవాళ్ళు పోటీలో లేకపోతే అది పోటీ తప్పంటూ ఒడ్డునున్న జనం వాళ్ళమీద పడ్డారు.

కానీ అక్కకి ఇదేమీ పట్టలేదు. ఆమె కళ్ళు రేవు మీదున్నాయి. రెండు పడవల మధ్య ఇరుకైన ఖాళీ, దాని వెనక రాతి గోడ. వెనకనుంచి తోస్తున్న గాలి.

ఆమె చెయ్యి కర్ర మీద బిగుసుకోవడం చూశాను.

"చాప పూర్తిగా వదిలెయ్యండి," అంది చాలా మెల్లగా. బావగారు వదిలేశారు. పడవ ముక్కు గాలికి ఎదురు తిప్పింది. వేగం చచ్చింది. పడవ ఆ సందులోకి పక్కవాటుగా జారి, రాతి గోడకి వేలెడు దూరంలో పిల్లిలా ఆగింది. మధ్యలో గుడ్డు పెట్టి ఉంటే గుడ్డు పగిలేది కాదు.

అక్క గోడ వైపు చూసింది. తన చేతుల వైపు చూసింది. "తగల్లేదండీ," అంది. మళ్ళీ గట్టిగా, రేవంతా వినపడేలా, "తగల్లేదు!" అని అరిచింది. తెల్ల టోపీ ఆయన కూడా వచ్చి, "మీరెక్కడ నేర్చుకున్నారండీ?" అని అడిగాడు.

"సిటీ బస్సులో," అంది అక్క, తల ఎగరేసి.

ఆమెను అందరూ చుట్టుముట్టి వేడి టీ ఇచ్చి మాట్లాడిస్తుంటే, నేను తేలే కోట్లు తిరిగిచ్చేద్దామని పడవలావిడ షెడ్డుకి వెళ్ళాను. ఆవిడ కోట్లు తీసుకుని కొక్కేనికి తగిలిస్తూ, "మీ బావగారు ఇవాళ ఎంత దరిద్రంగా నడిపారండీ!" అంది.

"పాపం, ఆయనకి రాదు కదండీ."

"రాకపోవడమేంటి? వేసవి నుంచి ప్రతి సెలవు రోజూ ఇక్కడే ఉన్నారు. నా దగ్గర నేర్చుకున్నవాళ్ళలో అంత బాగా నడిపేవాళ్ళు లేరు. ముందు సరిగ్గా నడపడం నేర్పాను. తర్వాత, ప్రమాదం లేకుండా తప్పుగా నడపడం నేర్పమన్నారు. ఇన్నేళ్ళలో నన్నెవరూ అలా అడగలేదు. ఆ రెండోది రావడానికే ఎక్కువ కాలం పట్టింది. చెయ్యి మాటిమాటికీ సరైన వైపే పోతుంది కదా!"

నా చేతిలో మిగిలిన కోటు ఇవ్వడం కూడా మర్చిపోయాను.

"ఆ గాలి మాత్రం మా పాఠంలో లేదు," అంది ఆవిడ. "నేను మోటారు పడవ తాడు విప్పి పెట్టుకుని, బైనాక్యులర్సులోంచి చూస్తూనే ఉన్నాను. ఆయన చెయ్యెత్తితే నేను వచ్చెయ్యాలని ఒప్పందం. ఎత్తుతారు, ఎత్తుతారు అని చూశాను. ఎత్తలేదు."

బయటకొచ్చేసరికి బావగారు ఒక మూల నిలబడి తడిసిన టోపీ పిండుకుంటున్నారు.

"బావా! పొరపాటైపోయిందన్నారే?"

ఆయన చుట్టూ చూసి, నా చెయ్యి పట్టుకుని పక్కకి లాగారు. "ష్! నోరు మూసుకో. జన్మకో పొరపాటు ఒప్పుకున్నాను. దాన్ని కూడా నాకు మిగలనివ్వవా?"

"ఆ గాలికి భయమెయ్యలేదా?"

"ఎందుకు వెయ్యదూ? కాళ్ళు వణికాయి."

"మరి చెయ్యెత్తి పిలవచ్చు కదా?"

బావగారు జనం మధ్యలో చేతులూపుతూ చెబుతున్న అక్క వైపు చూశారు. "పిలుద్దామనే అనుకున్నానోయ్. కానీ అప్పటికే మీ అక్క తెల్ల టోపీవాణ్ణి తిడుతోంది. అంత గట్టిగా ఎవరినో తిట్టి ఎన్నాళ్ళయిందో! అది వింటూ చెయ్యెత్తబుద్ధి కాలేదు."

సెలవు రద్దు చేసుకుని అక్క మళ్ళీ బస్సెక్కింది. మొదటి రోజున డిపోలో బస్సు వెనక్కి తీస్తుంటే, ఊడ్చే ఆవిడే వెనక నిలబడి, "రానీ, రానీ," అంటూ చెయ్యి ఊపిందట.

ఇప్పుడు ప్రతి సెలవు రోజూ ఇద్దరూ సరస్సు మీదే. చుక్కాని అక్కది. కనబడినవాళ్ళందరితో ఆమె చెప్తుంది, "మావారికి అన్నీ వచ్చుగానీ పడవొక్కటి రాదండీ. అందరికీ అన్నీ రావు కదా, ఓపిగ్గా నేర్పుతున్నాను." బావగారు బుద్ధిగా తలూపి, "నెమ్మదిగా చెప్పవే, ఆ ముడి మళ్ళీ మర్చిపోయాను," అంటారు. తాడు మెలికలు వేసి చిక్కు చేసి ఆమె చేతికిస్తారు. ఆమె విసుక్కుంటూ విప్పి, మళ్ళీ మొదటినుంచీ చూపిస్తుంది.

మొన్న నేనూ బరువుగా వెళ్ళాను. గాలి మెత్తగా ఉందని అక్క కాసేపు ఆయనకి చుక్కాని ఇచ్చింది. ఆయన నాలుక బయటపెట్టి, బిత్తర చూపులు చూస్తూ, పడవని కొంచెం దూరం నడిపారు. అక్క పరీక్షగా చూసి, "పర్లేదండీ, కాస్త చెయ్యి తిరుగుతోంది," అంది.

బిత్తర చూపులు నటనే. ఆ మాటకి ఆయన మొహం వెలిగిపోవడం మాత్రం నటన కాదు.